నలభై దాటాక నోటికెక్కిన చేప

మెట్ట పల్లెల కంచంలో మెల్లగా మార్పు

కనిగిరి : పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. కనిగిరి మెట్ట పల్లెల్లో మాత్రం చాలా ఇళ్ళ జిహ్వలు ఒక విషయంలో ఏళ్ళ తరబడి ఒకే మాట మీద నిలబడ్డాయి. వేట మాంసం కావాలి. నాటుకోడి కావాలి. చేప మాత్రం వద్దు.

పుట్టుక నుంచి మాంసం ముట్టని ఇళ్ళ సంగతి వేరు. వారి ఆచారం వారిది. ఇక్కడ చెప్పేది ఆదివారం వస్తే మాంసం కొట్టు ముందు నిలబడే ఇళ్ళ గురించి. పొట్టేలు తలకాయ, కాళ్ళు కూడా వదలకుండా తినే మనిషి చేప ముక్క కంచంలో పడగానే ముఖం పక్కకు తిప్పుకుంటాడు. ‘నీచు వాసన’ అని ఒకరు, ‘ముళ్ళతో ఎవరు వేగుతారు’ అని ఇంకొకరు అంటారు. చిన్నప్పుడు ఒకసారి తిని వాంతి చేసుకున్నానని మరొకరు గుర్తు చేసుకుంటారు. ఇలాంటి మనిషి ఒక్కరైనా లేని ఇల్లు ఈ ప్రాంతంలో అరుదు.

అలాంటి వారిలో కొందరు ఇప్పుడు నలభై, యాభై ఏళ్ళ వయసులో చేపల పులుసు ముందు కూర్చుంటున్నారు. డాక్టరు చెప్పాడని కొందరు, పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు బలవంతం మీద కొందరు, కోస్తా నుంచి వచ్చిన కోడలు వండిందని కొందరు మొదలు పెట్టారు. మొదట మొహమాటానికి తిన్నవారు తరువాత అడిగి వేయించుకుంటున్నారు. ఇన్నేళ్ళు గిట్టనిది ఇప్పుడు ఎలా గిట్టింది? ఆ సంగతి తెలియాలంటే ముందు ఇన్నేళ్ళు ఎందుకు గిట్టలేదో చూడాలి.

సముద్రం దూరం, చెరువు దైవాధీనం

కనిగిరి ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు. నెల్లూరు అనగానే చేపల పులుసు గుర్తుకు వస్తుంది. కాని నెల్లూరు పులుసు పేరు కోస్తాలో ఎంత మోగినా దాని ఘుమఘుమ కొండల వైపున్న ఈ మెట్ట తాలూకాల దాకా రాలేదు.

కారణం దూరమే. కనిగిరి నుంచి కందుకూరు మీదుగా సింగరాయకొండ తీరానికి వెళ్ళాలంటే అరవై కిలోమీటర్ల పైమాటే. పొదిలి మీదుగా ఒంగోలు దాదాపు ఎనభై కిలోమీటర్లు. తెల్లవారుజామున ఒడ్డుకు చేరిన చేప బుట్టలోకి ఎక్కి, బస్సు పైకి ఎక్కి, ఎండలో ఊగుతూ కనిగిరి చేరేసరికి మధ్యాహ్నం అయ్యేది. ఐసు సరిగా దొరకని రోజులవి. బుట్ట దించేసరికి చేప కన్ను గుంట పడేది, పొట్ట మెత్తబడేది. మిగిలింది పల్లెలకు సైకిలు మీద వెళ్ళేది. కోస్తాలో అమ్ముడు పోని సరుకు చివరికి మెట్టకు చేరేదని పాతతరం వారు ఇప్పటికీ అంటారు.

చెరువు చేప సంగతీ అంతే. ఇది వర్షాభావ ప్రాంతం. చెరువు నిండితే పండగ, ఎండితే చేపల వేట. ఎండాకాలంలో నీరు మడుగుగా మిగిలినప్పుడు ఊరంతా దిగి బురదలో చేపలు పట్టేవారు. పరిగెలు, జెల్లలు, మట్టగిడసలు దొరికేవి. అన్నీ చిన్నవి. ముళ్ళు ఎక్కువ, కండ తక్కువ. వాటికి బురద వాసన. ఆ ఒక్క వారం తిని మళ్ళీ ఏడాది వరకు చేప మొహం చూసేవారు కారు.

ఇక మిగిలింది సంతలో దొరికే ఎండు చేప. పప్పుచారు, ఉప్పుచేప జోడీకి మెట్టలోనూ ఇష్టపడేవారు ఉన్నారు. కాని ఎండు నెత్తళ్ళు వేయిస్తే ఆ వాసన వీధి చివరి దాకా పోతుంది. పచ్చి చేప తినని పిల్లవాడికి చేప అంటే ఆ వాసనే.

ఈ మూడింటినీ కలిపి చూస్తే ఒక విషయం తేలుతుంది. మెట్టవారు వద్దన్నది వారి దాకా వచ్చిన చేపను. అది పాతది, లేదా బురదది, లేదా ఎండుది. తాజా చేపను వద్దనడానికి వారికి అసలు అవకాశమే రాలేదు.

నాలుక మరచిపోదు

ఒక్కసారి కడుపు చెడితే ఆ తిండి మీద ఏళ్ళ తరబడి ఏవగింపు మిగిలిపోతుంది. ఇది చాదస్తం కాదు. అమెరికా శాస్త్రవేత్త జాన్ గార్సియా 1955లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో ఇది బయటపడింది. తియ్యటి నీరు తాగిన ఎలుకలకు రేడియేషను వల్ల జబ్బు చేసేలా చేశారు. జబ్బుకు కారణం తియ్యటి నీరు కాదు. అయినా ఆ ఎలుకలు తరువాత తియ్యటి నీటిని తప్పించుకు తిరిగాయి. విషం తిని బతికిన జంతువు మళ్ళీ ఆ జోలికి పోకుండా ప్రకృతి చేసిన ఏర్పాటు అది.

మనిషికీ ఇదే వర్తిస్తుంది. ఎనిమిదేళ్ళ వయసులో పాత చేప తిని రాత్రంతా వాంతులు చేసుకున్నవాడికి నలభై ఏళ్ళు వచ్చినా ఆ వాసన తగలగానే కడుపులో తిప్పుతుంది. ‘ఊరికే నఖరాలు’ అని ఇంట్లోవారు ఎగతాళి చేస్తే ప్రయోజనం లేదు. అది అతని చేతుల్లో లేని పని.

ముల్లు భయమూ అలాంటిదే. చిన్నతనంలో గొంతులో ముల్లు ఇరుక్కుని, పెద్దలు అన్నం ముద్దలు మింగించి, ఊరంతా చుట్టూ చేరిన రోజు ఎవరు మరచిపోతారు? చేప కనబడితే నాలుక కన్నా ముందు గొంతు భయపడుతుంది.

అయితే వచ్చిన ఏవగింపు పోదా అంటే, పోతుంది. దానికి మెట్ట రైతు వేరే ఊరికి వెళ్ళనక్కరలేదు. తన చేలోనే సాక్ష్యం ఉంది.

మిరప చెప్పే సాక్ష్యం

గుంటూరు, ప్రకాశం రైతుకు మిరప అన్నం పెట్టే పంట. మన కూరకు కారమే ప్రాణం. కాని ఈ మిరప మన నేలలో పుట్టింది కాదు. ఇది అమెరికా ఖండపు పంట. పోర్చుగీసు ఓడల్లో వచ్చి సుమారు 500 ఏళ్ళే అయింది. అంతకు ముందు మన వంటల్లో కారానికి మిరియమే ఆధారం. అంటే మన ముత్తాతల ముత్తాతల్లో ఎవరో ఒకరు పెద్దయ్యాక మొదటిసారి మిరపకాయ కొరికి, కన్నీరు పెట్టుకుని, మళ్ళీ కొరికి, అలవాటు చేసుకున్నవారే.

ఈ అలవాటు ఎలా పడుతుందో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్ మెక్సికోలోని ఒక పల్లెలో పరిశీలించారు. ఆ వివరాలు 1980లో వెలువడ్డాయి. అక్కడ పిల్లలకు ఎవరూ బలవంతంగా కారం తినిపించరు. పెద్దలు ఇష్టంగా తింటుంటే పిల్లలు పక్కన కూర్చుని చూస్తారు. కాస్త కాస్త రుచి చూస్తారు. కొన్నాళ్ళకు వారే అడిగి వేసుకుంటారు. అదే ఊళ్ళో రోజూ కారపు ఎంగిలి తినే కుక్కలకు, పందులకు కారం ఉన్నదీ లేనిదీ రెండూ పెడితే అవి కారం లేనిదే తిన్నాయి. మంటను రుచిగా మార్చుకోవడం ఎక్కువగా మనిషికే చేతనైన విద్య. ఆ విద్య పక్కవారితో కలిసి తినడంలో వస్తుంది.

తినగా తినగా వేపాకు సంగతి వేమన ఏనాడో చెప్పాడు. కొత్త తిండి పిల్లలకు పది, పదిహేను సార్లు రుచి చూపిస్తేగాని అలవాటు కాదని పోషకాహార నిపుణులు అంటారు. పెద్దలకు ఇంకాస్త ఓపిక కావాలి. ఒక్కసారి తిని ‘నాకు పడదు’ అని తేల్చేయడం తొందరపాటే.

ఐసు పెట్టె తెచ్చిన మార్పు

అలవాటు పడాలంటే ముందు మంచి చేప దొరకాలి. ఆ దారి 1957లో పడింది. ఆ ఏడాది జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు మన దేశపు పెంపకం చేపలకు ఇంజెక్షను ఇచ్చి చెరువులో గుడ్లు పెట్టించగలిగారు. అంతవరకు బొచ్చె, శీలావతి పిల్లల కోసం నదుల మీద ఆధారపడవలసి వచ్చేది. ఆ తరువాత ఎక్కడ కావాలంటే అక్కడ చేప పిల్లలను తయారు చేసే వీలు కలిగింది. జులై 10ని ఇప్పుడు దేశమంతటా చేపల రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు.

ఆ విద్య మన కొల్లేరు పరిసరాల్లో పండింది. కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు వరి పొలాలు చేపల చెరువులయ్యాయి. చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి స్థానానికి చేరింది. ఐసు వేసిన పెట్టెలతో లారీలు బెంగాలుకు, అస్సాముకు వెళ్ళాయి. అదే ఐసు, అవే పెట్టెలు మెట్ట పట్టణాల వైపూ మళ్ళాయి. తొట్టిలో నీళ్ళు పోసి బతికున్న చేపను కళ్ళ ముందు తీసి కోసి ఇచ్చే దుకాణాలు వచ్చాయి. 2020లో కేంద్రం మొదలు పెట్టిన మత్స్య సంపద పథకంలో ఐసు పెట్టె అమర్చిన మోటారు సైకిళ్ళకూ సాయం పెట్టారు.

ఇంటి దగ్గరి నీళ్ళలోనూ చేప పెరిగింది. పామూరు వైపు బ్రిటిషువారి కాలం నాటి మోపాడు రిజర్వాయరు ఉంది. అటు విజయనగర రాజుల నాటి కంభం చెరువు ఉంది. వానలు పడి నీరు నిలిచిన ఏడు ఇలాంటి చెరువుల్లో చేప పిల్లలు వదిలి పెంచుతారు. నీరు లేని ఏడు ఏమీ లేదు. మెట్ట రైతుకు పైరు ఎంతో, మెట్ట బెస్తకు చేప అంతే. రెండూ ఆకాశం వైపు చూసేవే.

వలసలు కూడా రుచిని మోసుకొచ్చాయి. పని కోసం హైదరాబాదుకు, బెంగుళూరుకు వెళ్ళిన కుర్రకారు మెస్సుల్లో, తోటి పనివారి గదుల్లో చేప తినడం నేర్చారు. పండక్కి వచ్చినప్పుడు ఇంట్లో అడిగారు. అమ్మ వండనంటే తామే వండారు. నాన్న వాసన చూసి వరండాలోకి వెళ్ళాడు. మూడో పండక్కి వరండాలోంచి కంచంతో లోపలికి వచ్చాడు. ఈ కథ చాలా ఇళ్ళలో జరిగిందే.

వాసనకు మందు వంటింట్లోనే

‘నీచు’ అనేది ఒక్కటి కాదు, రెండు రకాలు. సముద్రపు చేపలో సహజంగా ఒక పదార్థం ఉంటుంది. చేప చచ్చాక సూక్ష్మజీవులు దాన్ని ట్రైమిథైలమైన్ అనే ఘాటు వాయువుగా మారుస్తాయి. చేప ఎంత పాతబడితే అంత వాసన. తాజా చేపలో అది దాదాపు ఉండదు. పులుపు తగిలితే ఆ వాయువు ఎగిరి ముక్కు దాకా రాకుండా అణిగిపోతుంది. మన వాళ్ళు చేపకు చింతపండు, నిమ్మకాయ, మామిడికాయ వాడటంలో ఉన్న కిటుకు ఇదే.

చెరువు చేప బురద వాసన వేరు. నాచు, మట్టిలోని సూక్ష్మజీవులు తయారు చేసే జియోస్మిన్ అనే పదార్థం చేప చర్మంలో, కొవ్వులో చేరుతుంది. తొలకరి చినుకు పడినప్పుడు నేల నుంచి లేచే కమ్మటి వాసనకూ ఇదే పదార్థం ఒక కారణం. చేలో ఆ వాసనకు పొంగిపోయే రైతు కంచంలో అదే వాసనకు ముక్కు మూసుకుంటాడు! దీనికీ పులుపు పని చేస్తుంది. చేపను బతికుండగా మంచినీటి తొట్టిలో కొన్ని రోజులు ఉంచితే చాలా వరకు తగ్గుతుంది.

ఇంట్లో చేయవలసింది పెద్ద పనేమీ కాదు. పొలుసు పూర్తిగా గీకాలి. పొట్ట లోపలి నల్లపొర, మొప్పలు తీసేయాలి. ముక్కలకు రాళ్ళ ఉప్పు, పసుపు పట్టించి రుద్ది, నాలుగైదు నీళ్ళు కడగాలి. నిమ్మరసం పిండి పావుగంట ఉంచి మళ్ళీ కడగాలి. సగం నీచు అక్కడే పోతుంది.

మొదటి ముక్క ఏది?

చేప తినడం మానుకున్నవారికి పరిగెల పులుసు పెట్టి మొదలు పెట్టడమంటే ఈత రానివాణ్ణి బావిలోకి తోయడమే. మొదటి ముక్క ముల్లు లేనిదై ఉండాలి. వాసన లేనిదై ఉండాలి.

చెరువు చేపల్లో ఆ గుణం కొరమీనుకు ఉంది. నడిమి ముల్లు తప్ప చిన్న ముళ్ళు చాలా తక్కువ. గాలి పీల్చి బతికే చేప కనుక నీరు తీసినా కొంతసేపు ప్రాణంతో ఉంటుంది. బతికున్నదే కొనవచ్చు. ధర ఎక్కువే. దాని బదులు పెద్ద బొచ్చె కొనవచ్చు. నాలుగైదు కిలోల చేపలో పొట్ట ముక్కలు అడగాలి. అక్కడ పక్కటెముకల్లాంటి పెద్ద ముళ్ళే ఉంటాయి, చేతికి ఇట్టే తగులుతాయి. తోక వైపు, వీపు వైపు కండలో రెండు కొనల సన్న ముళ్ళు ఉంటాయి. అవి చేయి తిరిగినవారికి వదలాలి. సముద్రపు చేపల్లో వంజరం, చందువ మొదటి పాఠానికి తగినవి.

వండే తీరులోనూ వరుస ఉంది. కొత్తవారికి ముందు వేపుడు. కారం, అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి పట్టించి పెనం మీద కరకరలాడేలా కాల్చితే అది చేప అని నాలుక మరచిపోతుంది. రెండు, మూడు సార్లు వేపుడు తిన్నాక పులుసులోకి దిగవచ్చు. పులుసులో కూడా మొదట ముక్క వద్దు. వేడి అన్నంలో పులుసు మాత్రమే కలుపుకుని తింటే చాలు. చింతపండు, మెంతులు, పచ్చి మామిడికాయ వేసిన పులుసు మరునాడు ఇంకా బాగుంటుందని నెల్లూరువారు చెప్పేది ఊరికే కాదు. రాత్రంతా ఉప్పు, పులుపు, కారం ముక్కకు పడతాయి. ఎండాకాలంలో మాత్రం చల్లగా దాచిన పులుసునే మరునాడు వాడాలి.

తినే పద్ధతికి కూడా ఒక లెక్క ఉంది. చేప వెలుతురులో తినాలి. చేత్తో తినాలి. ముక్క విరిచి, వేళ్ళతో ఒత్తి చూసి, ముల్లు తీసి కంచం అంచున పెట్టి, అప్పుడు నోట్లో పెట్టుకోవాలి. కబుర్లు చెబుతూ, టీవీ చూస్తూ, హడావిడిగా మింగితే గొంతుకు చేటు. పిల్లలకు పెద్దలే ముల్లు తీసి పెట్టాలి.

అత్తగారి ఆప్యాయత, అల్లుడి అవస్థ

మెట్ట అబ్బాయికి తీర ప్రాంతపు సంబంధం కుదిరితే పరీక్ష మొదటి పండక్కే ఎదురవుతుంది. అత్తగారు ఆప్యాయంగా ‘ఒక్క ముక్క వేసుకో నాయనా’ అంటుంది. కాదంటే చిన్నబుచ్చుకుంటుందని అల్లుడు మింగుతాడు. బావమరుదులు చుట్టూ చేరి నవ్వుతారు. అలా మింగిన ముక్క అలవాటుకు పనికిరాదు, పాత ఏవగింపును మరింత గట్టిపరుస్తుంది. తెలిసిన ఇళ్ళలో అల్లుడి కంచంలో ముందు కోడి వేస్తారు. పక్కన చిన్న గిన్నెలో చేప వేపుడు పెట్టి వదిలేస్తారు. తింటే తిన్నాడు, లేకపోతే లేదు. రెండో పండక్కో మూడో పండక్కో అల్లుడు తానే చేయి చాపుతాడు.

ఇంతకన్నా కష్టం కోడళ్ళది. చేప ముట్టని మెట్ట పిల్ల తీరంలో కోడలైతే, తినడం సంగతి అటుంచి, కడిగి, కోసి, వండవలసింది ఆమే. ఇటు మెట్ట ఇళ్ళలోనూ ఇదే తంతు. డాక్టరు భర్తకు చేప తినమంటాడు. వండవలసిన భార్యకు వాసన పడదు. ఆమె వంట పూర్తయ్యేసరికి తలనొప్పితో పడుకుంటుంది. ఈ భారాన్ని ఇంట్లో అందరూ పంచుకోవాలి. దుకాణంలోనే కోయించి, శుభ్రం చేయించి తేవచ్చు. కడిగే పని మగవారు చేయవచ్చు. పొయ్యి పెరట్లో పెట్టుకోవచ్చు. చేపకు వేరే మట్టి దాక ఉంచుకుంటే మిగతా గిన్నెలకు వాసన అంటదు.

ఇది చిన్న విషయంగా కనబడుతుంది కాని దీని మీదే తరువాతి తరం ఆధారపడి ఉంది. అమ్మకు గిట్టని తిండి ఇంట్లోకి రాదు. ఇంట్లోకి రాని తిండి పిల్లల నాలుకకు తెలియదు. ఆ పిల్లలే మళ్ళీ పెద్దయ్యాక కంచం పక్కకు జరుపుతారు.

తింటే వచ్చేదేమిటి?

చేపలో వంద గ్రాములకు సుమారు 17 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. సులువుగా అరుగుతుంది. వేట మాంసంలో ఉండే గట్టి కొవ్వు ఇందులో తక్కువ. కవళ్ళు, కానాగంతలు వంటి సముద్రపు చేపల్లో గుండెకు మేలు చేసే ఒమేగా-3 కొవ్వు ఎక్కువ. ఖరీదైన చేపల కన్నా ఈ చవక చేపలే ఈ విషయంలో ముందుంటాయి. వారానికి రెండు సార్లు చేప తినడం మంచిదని అమెరికా గుండె వైద్య సంఘం చాలా కాలంగా సలహా ఇస్తోంది. నూనెలో ముంచి వేయిస్తే మాత్రం ఆ మేలు తగ్గుతుంది. ఎండు చేపలో ఉప్పు ఎక్కువ. రక్తపోటు ఉన్నవారు దాన్ని మితంగా తినాలి.

కనిగిరి ప్రాంతంలో ఇంకొక మాట చెప్పుకోవాలి. ఫ్లోరైడు నీటితో పళ్ళు గారబట్టి, ఎముకలు వంగిన కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. చేప తింటే ఫ్లోరైడు పోతుందని ఎవరైనా చెబితే నమ్మరాదు. ఆ జబ్బుకు మంచినీరే మందు. చేప కేవలం మంచి తిండి, అంతే.

చేప తిని పెరుగు తింటే బొల్లి వస్తుందన్న భయం పల్లెల్లో ఇంకా ఉంది. దానికి ఆధారం లేదని వైద్యులు చెబుతున్నారు. అయితే కొందరికి చేప నిజంగానే సరిపడదు. తిన్న వెంటనే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తే అది అలవాటుతో పోయేది కాదు. అలాంటివారు మానుకుని డాక్టరును కలవాలి. వారిని ‘ఇంకోసారి తిని చూడు’ అని బలవంతం చేయడం ప్రాణాలతో చెలగాటం.

కొనేటప్పుడు కళ్ళు తెరిచి చూడాలి

తాజా చేప కన్ను ఉబ్బి మెరుస్తుంది. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉంటుంది. వేలితో నొక్కితే కండ మళ్ళీ పైకి లేస్తుంది. పొలుసు గట్టిగా అంటుకుని ఉంటుంది. కన్ను గుంటపడి, మొప్ప గోధుమ రంగుకు తిరిగి, నొక్కిన చోట గుంట నిలిస్తే ఎంత చవకైనా కొనరాదు. చేప బరువుకు సమానంగా ఐసు వేస్తేనే అది నిలుస్తుంది. పైన రెండు ఐసు ముక్కలు చల్లి ఎండలో పెట్టిన బండి దగ్గర ఆగనక్కరలేదు.

2018లో ఫార్మలిన్ కలుపుతున్నారన్న అనుమానంతో అస్సాం ప్రభుత్వం ఆంధ్రా చేపను కొన్నాళ్ళు ఆపిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. చేపలో ఫార్మలిన్ కలపడానికి చట్టం ఒప్పుకోదు. బతికున్న చేపను కళ్ళ ముందు కోయించుకుంటే ఆ బెంగ ఉండదు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేటపై నిషేధం. ఆ రోజుల్లో సముద్రపు చేప అని అమ్మేది ఎప్పటిదో, ఎక్కడిదో అడిగి కొనాలి. అప్పుడు చెరువు చేపే మేలు. కానాగంతల వంటివి చల్లదనం లేక పాడైతే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. వండినా అది పోదు. తిన్నవారికి ముఖం ఎర్రబడి, దద్దుర్లు వస్తాయి. ‘నాకు చేప పడదు’ అని ఏళ్ళ తరబడి అనుకున్నవారిలో కొందరికి నిజంగా పడనిది ఈ పాడైన చేపే కావచ్చు. సంగతి ఏదో డాక్టరు తేల్చాలి.

ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్దలు, అరటిపండు మింగించే పాత పద్ధతి మంచిది కాదు. ముల్లు ఇంకా లోతుకు దిగవచ్చు. గట్టిగా దగ్గి చూసి, పోకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

వల వేసే రోజు

ఇంత చేసినా గిట్టనివారు కొందరు మిగులుతారు. వారిని వదిలేయాలి. రెండు కూరలు వండుకునే ఇంట్లో ఒకటి చేప, ఒకటి వంకాయ అయితే కొంప మునగదు. నచ్చనిది తినకపోవడం తప్పు కాదు. రుచి చూడకుండా పిల్లలకు కూడా దూరం చేయడమే నష్టం.

పెద్దయ్యాక మొదలు పెట్టాలనుకునేవారికి మెట్టలో ఒక మంచి రోజు ఉంది. ఊరి చెరువు పాట పాడుకున్నవారు వల వేసే రోజది. తెల్లవారుజామున వల లాగుతారు. ఒడ్డున బొచ్చెలు, శీలావతులు ఎగిరి పడుతుంటాయి. సూర్యుడు పైకి రాకముందే వ్యాపారుల పెట్టెల్లోకి ఎక్కి ఎక్కువ భాగం పట్నాలకు వెళ్ళిపోతుంది. ఆ చేపకు ఇంకా ఐసు తగలలేదు, బస్సు ఎక్కలేదు, నీచు పట్టలేదు. కోస్తావారు తినే తాజా చేపకు అది ఏ మాత్రం తీసిపోదు. అది ఈ ఊరి నీళ్ళలో, ఈ ఊరి వానతో పెరిగింది. ఇన్నేళ్ళు ఊరు దాటి వెళ్ళిన ఆ తాజా చేపలో ఒక్కటి ఒడ్డునే కొని, పొట్ట ముక్కలు వేయించి, ఇంటిల్లిపాది కలిసి కూర్చుంటే, నలభై ఏళ్ళ నుంచి వద్దంటున్న మనిషి ముందు ఒక్క ముక్క పెట్టి చూడవచ్చు. తింటాడా లేదా అని మాత్రం ఎవరూ ఆయన కంచం వంక చూడకూడదు.